తోలు లేని కారం

"...తోలు తీసేస్తే ఇంక అందులో ఏముంటుంది, నీ తలకాయ?"

"మిరపకాయలుంటాయి. వెల్లుల్లి ఉంటుంది. కొనేవాడుంటాడు," అన్నాడు ఖంఫూయ్.

మా ఇంటికీ వాళ్ళింటికీ వెదురు తడికే అడ్డు. కుట్టుమిషన్ ఆపి విన్నాను. ఖంఫూయ్ భార్య చన్‌తాలాది లువాంగ్ ప్రబాంగ్. వియెంటియాన్‌కు కోడలిగా వచ్చాక, పుట్టింటివాళ్ళు చేసే జేవ్ బాంగ్ కారాన్ని సీసాల్లో పెట్టి అమ్మడం మొదలుపెట్టింది. కాల్చిన మిరపకాయలు నూరి, ఉడికించిన బర్రె తోలు సన్నగా తరిగి వేసి, సన్నసెగ మీద మగ్గబెడుతుంది. మిరపకాయలు మా నేలవే. సీసాలూ మూతలూ మాత్రం నది అవతల నుంచి, థాయ్‌లాండ్ నుంచి రావాలి. మా డబ్బు, కిప్, విలువ పడిపోయినప్పుడల్లా లోపలి కారం కన్నా సీసాకే ఎక్కువ పడుతుంది. పోయిన వానాకాలం మూతలు దొరక్క, కుండెడు కారం చుట్టాలకు పంచిపెట్టింది.

ఇప్పుడు అవతలి ఒడ్డు వ్యాపారి వితూన్ సీసాలూ మూతలూ తానే ఇస్తానంటున్నాడు. కానీ తోలు ఉండకూడదు. అతని దుకాణాల్లో కొనేవాళ్ళు దాన్ని రబ్బరు ముక్క అనుకుంటారట. సీసా మీద అతని పేరే ఉండాలి, సరుకంతా అతనికే పోవాలి.

చన్‌తాలా తోలు లేకుండా చేసి చూసింది. మొదటి వాయి మాడింది. రెండోది పచ్చివాసన వేసింది.

"ఇన్నేళ్ళుగా చేస్తున్నదానివి, చేతికి ఏమొచ్చిందే?" అన్నాను.

"చేతికి కాదక్కా, పంటికి." తోలు ముక్క ఒకటి తీసి నమిలేదట. కారం ఆ ముక్క లోపలిదాకా దిగితే కుండ దించేసేదట. "అమ్మ అలాగే నేర్పింది. రంగూ వాసనా నేనెప్పుడు చూశాను?"

"గడియారం పెట్టుకో," అన్నాడు ఖంఫూయ్.

"ముందు నీకు పెడతా, ఎన్నింటికి లేస్తావో తేలుతుంది."

మూడో వాయికి ఒక తోలు ముక్కను దారంతో కట్టి కుండలోకి వేలాడదీసింది. లాగి, కొరికి, కుండ దించింది. జిగురన్నం ముద్ద అద్దుకుని తిన్నాను.

"ఎలా ఉందక్కా?"

"బాగుంది. పళ్ళకే పని లేదు."

చన్‌తాలా ఇంకో ముద్ద తిని, చాలాసేపు నమిలింది.

సాయంత్రం వితూన్ ఫోన్ చేశాడు. "ఏం చెల్లెమ్మా, తోలు వలిచావా?"

"వలిచానన్నా, నీదొక్కటే మిగిలింది."

అతను పగలబడి నవ్వాడు. "అయితే సరుకంతా నాకేగా?"

ఖంఫూయ్ ఔననమని తలాడిస్తున్నాడు. చన్‌తాలా అతనికి వీపు తిప్పింది.

"తోలు లేనిది నీకిస్తా, నీ పేరే వేసుకో. నీ సరుకు నింపడానికి ఎన్ని సీసాలు పంపుతావో, అన్నే ఖాళీ సీసాలు మూతలతో సహా నాకు విడిగా అమ్మాలి. వాటిల్లో తోలుంటుంది, మీద నా పేరుంటుంది. అవి ఇక్కడే అమ్ముకుంటా."