ఓమా రెండు అరచేతులు

మా పక్కింటి ఓమా పోయింది. మంగళవారం పొద్దున నేను పెరట్లో బట్టలు ఆరేస్తుంటే వాళ్లమ్మాయి కంచె దగ్గరికి వచ్చి నిలబడింది. రోజూ చెయ్యి ఊపి పోయే మనిషి ఆ రోజు ఊపలేదు. "అమ్మ నిద్రలోనే వెళ్లిపోయింది" అంది. నా చేతిలో తడి తువ్వాలు ఉంది. దాన్ని తీగ మీద వేసి క్లిప్పు పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. అప్పటినుంచీ ఏ పని పట్టుకున్నా ఇదే వరస. సగంలో లేస్తాను, వంటింటి కిటికీలోంచి వాళ్ల పెరటి వైపు చూస్తాను. అక్కడ ఎవరూ తిరగడం లేదు.

తిరగడం అని ఎందుకన్నానంటే, ఆవిడ ఒక చోట కూర్చుని ఉండగా నేను చూసింది చాలా తక్కువ. స్టవ్ మీద నీళ్లు పెట్టి మర్చిపోయేది. చెత్త డబ్బా వీధిలోకి లాగి, సరిగ్గా లేదని మళ్లీ జరిపేది. పోస్టు డబ్బా ఒకసారి చూసి, ఇంటి మెట్లెక్కి, వెనక్కి వచ్చి మళ్లీ చూసేది. న్యూజీలాండ్‌లోని ఈ పాపకూరకి వచ్చిన కొత్తలో ఆవిడని చూసి నాకు తలనొప్పి వచ్చేది. నేను ఇంటి లెక్కలు ఏ రోజువి ఆ రోజు తేల్చుకునే మనిషిని. ఏ పనైనా మొదలుపెడితే ముగించాలి, ముగిస్తే మూత పెట్టాలి.

ఓమా అంటే డచ్ భాషలో అమ్మమ్మ. మా వీధి పిల్లలందరికీ ఆవిడ ఓమాయే, చివరికి మాకు కూడా. ఆవిడతో మా మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగేవి. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆవిడ ఉద్యోగమంతా యూరప్‌లో. అక్కడి దేశాలు అంతరిక్షం విషయంలో ఎవరి దారి వాళ్లది కాకుండా, అందరికీ కలిపి ఒక విధానం, ఒక కార్యక్రమం రాసుకుందామని ఏళ్ల తరబడి కూర్చున్నాయి. ఆ సమావేశాల్లో ముసాయిదాని చూసుకునే పని ఓమాది. ఒక దేశానికి రాకెట్ ముఖ్యం. ఇంకో దేశానికి పైనుంచి పంటల్నీ వరదల్నీ చూసే ఉపగ్రహాలు ముఖ్యం. ఒకరు సైన్యానికి కూడా పనికిరావాలంటే, మరొకరు సైన్యం మాటే ఎత్తొద్దంటారు. ఎవరి సొమ్ముకి తగ్గ పని వాళ్ల ఫ్యాక్టరీలకే తిరిగి రావాలి. "బల్ల పైన అందరూ ఆకాశం గురించే మాట్లాడేవాళ్లు. బల్ల కింద ఒకరి కాళ్లు ఒకరు తన్నుకునేవాళ్లు" అని నవ్వేది.

ఆ పని ముగియకుండానే ఆవిడ రిటైరయింది. భర్త అంతకుముందే పోయాడు. కూతురు ఇక్కడ సెటిల్ అయిందని ఇక్కడికి వచ్చేసింది. కానీ మనసు మాత్రం ఆ ముసాయిదా దగ్గరే ఉండిపోయింది. ఎందుకో చెప్పాలంటే ముందు వాళ్ల పద్ధతి ఒకటి చెప్పాలి.

అందరూ ఒప్పుకోని మాట ఏదైనా వస్తే దాన్ని వాళ్లు కొట్టెయ్యరు. రెండు పక్కలా బ్రాకెట్లు పెట్టి, అలాగే ఉంచి, కింది వాక్యానికి వెళ్లిపోతారు. మళ్లీ వెనక్కి వస్తారు, మళ్లీ మాట్లాడతారు. చివరి దేశం కూడా సరేనన్న రోజున బ్రాకెట్లు తీస్తారు. ఇది చెప్పేటప్పుడు ఓమా రెండు అరచేతులూ ఎదురెదురుగా నిలబెట్టి గాల్లో పట్టుకునేది, మధ్యలో పగిలిపోయే వస్తువేదో ఉన్నట్టు.

ఆ ముసాయిదాలో ఒక వాక్యం ఓమా రాసిందే. రెండు దేశాలు తగువులాడుకుంటుంటే మధ్యేమార్గంగా ఏదైనా రాయమన్నారట, రాసింది. ఉపగ్రహం పైనుంచి చూసినది, దాన్ని కట్టినవాళ్లకే కాదు, ఆపదలో ఉన్న ఎవరికైనా అందాలి అని. ఆవిడ రిటైరయ్యే నాటికి ఆ వాక్యం ఇంకా బ్రాకెట్లలోనే ఉంది.

చిన్నప్పుడు ఒక చలికాలం ఆవిడ ఊళ్లో సముద్రపు కట్ట తెగింది. ఇంటి కప్పు మీద తండ్రి ఒళ్లో కూర్చుని ఉందట. "మేము అక్కడ ఉన్నామని ఎవరికీ తెలియదు. అది నీళ్లకంటే భయం" అంది. మాది దివిసీమ. ఉప్పెన వచ్చినప్పుడు నేను హైస్కూలు పిల్లని. మా ఇంటి వైపు ఒక మనిషి రావడానికి ఎంతకాలం పట్టిందో నాకు గుర్తుంది. ఆ వేళ కంచెకి ఇటు నేను, అటు ఆవిడ, చాలాసేపు అలాగే నిలబడ్డాం. ఆ వాక్యం ఏమవుతుందోనన్న ఆత్రం ఆ రోజునుంచి నాకూ పట్టుకుంది.

ఆ రోజుల్లోనే మా గరాజులో శనివారం తెలుగు బడి మొదలుపెట్టాం. మొదటి వారమే పేచీ వచ్చింది. బడి ఏ ప్రార్థనతో మొదలవ్వాలి?

"సదువు మొదలుపెట్టేటప్పుడు సరస్వతిని తల్సుకోవద్దా అక్కా?" అన్నాడు శ్రీనివాస్. కరీంనగర్ నుంచి చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన అబ్బాయి.

"తల్చుకో అన్నా, ఎవరొద్దన్నారు? మా పిల్ల నోటితో తల్చుకోమనకు, అంతే" అంది సువార్త. తెనాలి అమ్మాయి, ఇక్కడ నర్సు. ఆదివారం చర్చి తప్పదు.

"మా పోరి మీ క్రిస్మస్‌కి పాట పాడలేదా?"

"పాడింది. కేకు కోసం పాడింది."

నవ్వులాటగానే ఉంది కదా అని మా ఆయన "చేతులెత్తండి, తేలిపోతుంది" అన్నారు. ఎత్తాం. సరస్వతీ శ్లోకం గెలిచింది. సువార్త "అలాగే అక్కా, పర్లేదు" అని నవ్వుతూనే వెళ్లింది. పై శనివారం రాలేదు. చర్చికి వెళ్లే మిగతా ఇద్దరూ రాలేదు. ఫోన్ చేస్తే ముగ్గురిదీ ఒకటే మాట, డ్యూటీ పడిందని.

కంచె మీదనుంచి ఓమా అడిగింది, "ఆ ఎర్ర కారు ఏది?"

అది సువార్త కారు. ఓటు వేశామని చెప్పాను.

"ఓటా!" అంది. కుండ పగలగొట్టామని చెప్పినట్టు చూసింది. చేతిలో తోట కత్తెరతోనే గేటు తీసుకుని వచ్చేసింది. గరాజులో ఈ గోడ దగ్గరనుంచి ఆ గోడ దగ్గరికి నడుస్తూ చెప్పింది: "ఓడినవాడు తలుపు గట్టిగా వేసి పోడు. చప్పుడు వినబడదు. కుర్చీ ఖాళీగా ఉంటుంది, అంతే. మా దగ్గర పెద్ద విషయాల్లో ఓటు పెట్టడానికి ఎందుకు భయపడేవాళ్లమో తెలుసా? ఓడిన దేశం మర్నాడు సంతకం పెట్టదు."

తర్వాతి శనివారం ఆవిడే స్వయంగా వెళ్లి సువార్తని పిలుచుకొచ్చింది. వాళ్ల యూరప్ కార్యక్రమంలో అన్ని దేశాలకీ తప్పనిసరి భాగం ఒకటుంటుందట. మిగతావి ఇష్టమైన దేశాలు మాత్రం చేరేవి. మాకూ అలాగే విడదీసింది. అక్షరాలు, చదవడం అందరికీ. తర్వాత శ్లోకం కావలసినవాళ్లు గరాజులో, పాటలు కావలసినవాళ్లు వెనక డెక్ మీద, ఏదీ వద్దన్నవాళ్లకి గడ్డిలో ఆట. మొదట చేసే ప్రార్థన మాత్రం తెగలేదు. ఓమా తెల్లబోర్డు పైన రెండు బ్రాకెట్లు గీసి, మధ్యలో ఖాళీ వదిలింది. అది తేలేదాకా పిల్లలు ఒక్క నిమిషం మౌనంగా నిలబడాలి.

"మీకు సంతోషమేనా అని అడగను. దీంతో నెట్టుకురాగలరా?" అని ఒక్కొక్కరినీ అడిగింది.

"పెళ్లప్పుడు మావాళ్లు మా అత్తగారి గురించి కూడా నన్నిలాగే అడిగారక్కా" అని సువార్త నా చెవిలో గొణిగింది. పక్కనే ఉన్న శ్రీనివాస్‌కి నవ్వాగలేదు. ఓమాకి ఇంగ్లీషులో చెప్పక తప్పలేదు. ఆవిడ పగలబడి నవ్వి "మా దగ్గర కూడా ఒక అత్తగారి దేశం ఉండేది" అంది. ఏ దేశమో ఎంత అడిగినా చెప్పలేదు.

ఆ ఖాళీ బ్రాకెట్లు మాత్రం నాకు కంట్లో నలుసే. తేల్చేద్దామని ఎన్నిసార్లో అన్నాను. "తేలకపోవడం కూడా ఒక పనే. రోజూ చెయ్యాలి" అనేది ఓమా. పిల్లలు మాత్రం ఆ అరచేతుల విద్య వెంటనే పట్టేశారు. ఎవరి పెన్సిలో తేలకపోతే రెండు చేతులూ గాల్లో పెట్టేవాళ్లు.

2007లో, ఇక్కడ చలి మొదలవుతుండగా, యూరప్ దేశాలు ఆ విధానాన్ని ఒప్పుకున్నాయని తెలిసింది. ఓమా మా ఇంటికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. మా ఆయన కంప్యూటర్‌లో వెతికి ఆ పత్రాన్ని ప్రింట్ తీశారు. కుర్చీ వేశాను, కూర్చోలేదు. మిషన్‌లోంచి కాగితం పూర్తిగా బయటికి రాకముందే తల వంచి చదువుతోంది. వేలితో ఒక్కో వరుసా దాటుకుంటూ చివరిదాకా వెళ్లింది. మళ్లీ మొదటికి వచ్చింది. నేను ఆవిడ వేలినే చూస్తున్నాను.

"దగ్గరి మాటలున్నాయి. ఆ వాక్యం లేదు" అంది.

కాగితాల అంచులు సర్ది, "బ్రాకెట్లు తీసేశారు. లోపల ఉన్నదాంతో సహా" అంది. కాగితాలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

ఆ తర్వాత పెరట్లో ఆవిడ నడక మారింది. తొందర పోలేదు, దిక్కు పోయింది. నీళ్ల పైపు పట్టుకుని తడిసిన మొక్కకే మళ్లీ నీళ్లు పెట్టేది. జామలాంటి ఫీజోవా కాయలు రాలి చెట్టు కింద కుళ్లుతున్నా ఏరలేదు. అంతకుముందు వాటిని ఏరి బుట్టలో మా గుమ్మం ముందు పెట్టేది. పలకరిస్తే "ఉన్నాను" అనేది, అంతే. శనివారం బడికి రాలేదు. ఆవిడ రాసిన వాక్యం ఒకటి ఆ పత్రంలోంచి పోయిందని మావాళ్లకి చెప్పాను. పై శనివారం వచ్చి గరాజు గుమ్మంలో నిలబడింది.

"ఆ బోర్డు మీద గీతలు చెరిపెయ్యండి. ఓటు వేసుకోండి. నా చాదస్తం మీకెందుకు? చివరికి గట్టిగా లాగినవాడిదే తాడు" అంది.

సువార్త ముఖం నాకు ఇప్పటికీ కనబడుతోంది. ఓటు వేస్తే ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు. మాకందరికీ తెలుసు. శ్లోకమే మళ్లీ గెలుస్తుంది. ఎర్ర కారు మళ్లీ రాదు. ఈసారి వెనక్కి పిలుచుకొచ్చేవాళ్లు కూడా ఉండరు.

ముందు మాట్లాడింది శ్రీనివాస్. ఆ అబ్బాయి ఇంగ్లీషు కూడా నాకు కరీంనగర్ తెలుగులాగే వినబడుతుంది.

"నేను ఓటెయ్య, ఓమా. గెల్సుడు నేనే గెలుస్త. గెల్సి ఎవలకి చెప్పుకోవాలె? ఈమె లేకుంటే నాతోని కొట్లాడెటోళ్లు ఎవలున్నరు?"

"అబ్బో, నేను ఉన్నది నీతో కొట్లాడటానికా?" అంది సువార్త. ఆమె ఓమా వైపు తిరిగి, "ఇంతకీ ఆ వాక్యం ఏమిటి? మాకెప్పుడూ చెప్పలేదు" అని అడిగింది.

ఓమా చెప్పింది. నేను తెలుగులోకి మార్చి బోర్డు మీద రాశాను, పిల్లలకి వచ్చిన మాటల్లోనే: ఆపదలో ఉన్నవాళ్లకి, పైనుంచి చూసినవాళ్లు చెప్పాలి. శ్రీనివాస్ కూతురు మేఘన అప్పుడప్పుడే గుణింతం దాటింది. వేలు పెట్టి, కూడబలుక్కుని, చివరిదాకా చదివింది. మిగతా పిల్లలు కూడా చదివారు.

ఓమా వాళ్లు చదివినంతసేపూ కదలకుండా నిలబడింది. అంతా అయ్యాక "ఏ దేశమూ అభ్యంతరం చెప్పలేదన్నమాట" అంది. పెన్ను తీసుకుని, పైన వెలిసిపోయిన ఆ రెండు బ్రాకెట్లనీ మళ్లీ నల్లగా దిద్దింది.

ఆ తర్వాత ఒక ఏడాది ఉంది మాతో. చివర్లో ఊపిరి ఆడక మెట్లెక్కలేకపోయేది, అయినా పోస్టు డబ్బా రెండుసార్లు చూడటం మానలేదు. వేసవి సాయంత్రాల్లో ఆకాశంలో కదిలే చుక్క కనబడితే కంచె దగ్గరినుంచి నన్ను పిలిచేది. "ఎవరిది?" అని అడిగేదాన్ని. "ఏమో. మనం ఇక్కడున్నామని దానికి తెలిస్తే చాలు" అనేది.

దహనం గురువారం అయింది. ఏ ప్రార్థనా వద్దని ముందే చెప్పిందట. అయినా శనివారం బడి పెట్టాం. అందరూ వచ్చారు. బోర్డు మీద ఆ రెండు గీతలు అలాగే ఉన్నాయి. పిల్లలు ఒక్క నిమిషం నిలబడ్డారు. ఈసారి పెద్దవాళ్లం కూడా నిలబడ్డాం. నిమిషం అయ్యాక కూడా ఎవరూ కూర్చోలేదు.

మేఘన అడిగింది, "ఓమా ఇప్పుడు ఎక్కడుంది?"

"ప్రభువు దగ్గర" అంది సువార్త.

"మళ్ల ఎక్కడో పుడ్తది బిడ్డా" అన్నాడు శ్రీనివాస్.

ఇద్దరి మాటా ఒక్కసారే వచ్చింది. ఇద్దరూ ఒక్కసారే ఆగి ఒకరినొకరు చూసుకున్నారు. నేను ఏదో ఒకటి చెప్పి తేల్చెయ్యాలని నోరు తెరిచాను.

మేఘన ముగ్గురినీ చూసింది. తర్వాత మెల్లగా రెండు చేతులూ పైకెత్తి, అరచేతులు ఎదురెదురుగా నిలబెట్టింది. తెరిచిన గరాజు తలుపులోంచి గాలి వీస్తోంది. ఆ చిన్న చేతుల మధ్య సందులోంచి కంచె, దాని అవతల ఫీజోవా చెట్టు, కింద ఎవరూ ఏరని కాయలు కనబడుతున్నాయి. మేఘన చేతులు దించలేదు.