ఆయన తరఫున సంతకం

ఊపిరి పరీక్ష చేసే డాక్టరు గొంతు చించుకోవాలి. "ఊదమ్మా, ఊదు, ఇంకా ఊదు, ఆపకు" అని. థర్మల్ విద్యుత్ ప్లాంటు కాలనీ ఆసుపత్రిలో పనిచేసే అన్నయ్య ఆ విద్యలో ఘటికుడు. సొంత అన్న కాదు, చదువులో నాకు సీనియర్. చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లకు అంత దగ్గు ఎందుకో తేల్చాలని ఇద్దరం మొదలుపెట్టాం. ఎండలో తిరిగి వాళ్లచేత ఊదించి, అంకెలు రాసుకొచ్చింది ఆయన. రాయచూరులో ఫ్యాను కింద కూర్చుని వ్యాసం రాసింది నేను. వైద్య పత్రిక అచ్చుకు ఒప్పుకున్న వారంలోనే ఆయన గుండె ఆగిపోయింది. గొంతు మాత్రం నన్ను వదల్లేదు. ఇప్పటికీ కుక్కర్ కూత ఆగగానే "ఊదమ్మా" అని వినిపిస్తుంది. భయంగానే ఉంటుంది.

పత్రికవాళ్లు రెండు సంగతులు అడిగారు. ఎవరు ఏ పని చేశారు? ఈ ఫలితంతో లాభపడేవాళ్ల దగ్గర ఎవరైనా జీతం తీసుకుంటున్నారా? పోయినవారి తరఫున ఇంటివాళ్లు సంతకం పెట్టాలట. మా ఫలితమేమో, ఆ దగ్గుకు ప్లాంటు బూడిద కన్నా కట్టెల పొయ్యి పొగే ఎక్కువ కారణమని. ఆయన జీతమేమో ప్లాంటుది. ఉప్పు తిన్నవాడు ఆ మాత్రం రాయడా అనదూ లోకం?

"పేరు తీసెయ్. పోయినాయనకు పేరెందుకు?" అన్నారు మా ప్రొఫెసరు, ఈగను తోలినంత తేలిగ్గా. నాకు ఒళ్లు మండింది. ఆ పేరు పోతే ఆయన చేసిన పనే లేనట్టు.

వదిన దగ్గరికి వెళ్లాను. క్వార్టర్ ఖాళీ చెయ్యాలని సామాను మూటలు కట్టి ఉంది. అంతా విని, ఒక మూట పక్కకు జరిపి నాకు చోటు చేసింది.

"పేరుండాలె. తిరిగింది ఆయననే గద," అంది. "జీతం సంగతి గూడ రాయి. ఆయన పోయినంక నాకు ఆడ్నే నౌకరీ ఇస్తమన్నరు. అది గూడ రాయి చెల్లె. దాస్తేనే అనుమానం."

"అది రాస్తే, అన్నయ్య అట్లా రాసినందుకే నీకు నౌకరీ ఇచ్చారంటారు వదినా."

"అననీ."

రాశాను. ఆమె సంతకం పెట్టింది. పెన్ను కింద పెట్టకుండా నా మొహంలోకి చూసింది.

"మంది ఏమన్న అననీ. నువ్వైతే నమ్ముతవు గద?"

అన్నయ్య అబద్ధం రాసే మనిషి కాదని నాకు తెలుసు. కానీ తెలియడం వేరు, చూడడం వేరు. ఆయన ఊదించిన ఒక్క రోజు కూడా నేను పక్కన లేను. నేను కాగితం మడిచేలోపే ఆమె లేచి, చాయ్ పెడతానని లోపలికి వెళ్లిపోయింది.