కుంకుమ చార, పసుపు చార

మా ఆయన ఆ పాత మోటారు సైకిలు కొన్న రోజు నేను ఆయనతో మాట్లాడడం మానేశాను. మానేసి ఎక్కడికి పోతాను? బయట లాక్‌డౌన్. ఇంట్లో ఉన్నవి రెండు గదులు, ఒక వంటిల్లు. ఒక గది నా ఆఫీసు, ఇంకో గది ఆయన ఆఫీసు, ఇద్దరికీ కలిపి ఒకే కెటిల్. టీ నీళ్ల దగ్గర ఎదురుపడినప్పుడల్లా మూతి అటు తిప్పుకోవాలి. సాయంత్రానికి నా మెడే పట్టేసింది.

జర్మనీలో వాల్డార్ఫ్‌కి పది నిమిషాల దూరంలో ఒక చిన్న ఊళ్లో ఉండేవాళ్లం. కరోనా రాకముందు పొద్దున్నే ఎవరి ఆఫీసుకి వాళ్లం పోయేవాళ్లం కాబట్టి సంసారం సాఫీగానే నడిచేది. ఇద్దరం ఇరవై నాలుగు గంటలూ ఇంట్లో ఉండడం మొదలయ్యాక ఆయన ఇంత గట్టిగా నములుతారని తెలిసింది. నేను మీటింగుల్లో అంత గట్టిగా అరుస్తానని ఆయనకు తెలిసింది. అలాంటి రోజుల్లో, పక్క ఊళ్లో ఒక రైతు కొట్టంలో ఏళ్ల తరబడి మూలుగుతున్న ఆ బండిని తాడేసి తెచ్చి గరాజ్‌లో పెట్టారీయన. ఒక్క మాట చెప్పలేదు.

"నీ కోసమే కొన్న," అన్నారు పైగా.

"నా కోసమా! నాకేమైనా కావాలంటే డిష్‌వాషర్ అడుగుతాను కదండీ. తుప్పు పట్టిన ఇనుము అడుగుతానా?"

నా కోపానికి వేరే కారణం ఉంది. అది ఇద్దరికీ తెలుసు, ఆ మాట ఇద్దరం ఎత్తం. పెళ్లయిన కొత్తలో హైదరాబాద్‌లో ఉన్నప్పుడు ఆయనకో బండి ఉండేది. దాని చైన్ వారం రోజులుగా కరకరమంటోంది. మెకానిక్‌కి చూపించండి మహానుభావా అని నేను మొత్తుకుంటూనే ఉన్నాను. "ఏం గాదు తియ్," అన్నారు. ఆయన పుట్టింది కరీంనగర్ పక్కన. అన్నిటికీ ఆయన దగ్గర ఉన్న మందు ఆ ఒక్క మాటే. ఆదివారం శామీర్‌పేట వెళ్తుంటే చైన్ ఊడి వెనక చక్రంలో పడింది. చక్రం పట్టేసింది. ఆయన మోకాళ్లు గీసుకుపోయాయి. నా ఎడమ మణికట్టు విరిగింది. లోపల ప్లేటు వేశారు, ఇప్పటికీ ఉంది. ఇక్కడ చలి మొదలవుతోందని ఫోన్ కంటే ముందు నా మణికట్టు చెబుతుంది.

ఆ తరవాత పదకొండేళ్లు నేను ఆయన వెనక బండెక్కలేదు. ఎక్కనని ప్రతిజ్ఞలేమీ చేయలేదు. ఆటో ఎక్కాను, బస్సెక్కాను, జర్మనీ వచ్చాక రైలెక్కాను. ఆయన ఎక్కమని అడగలేదు. "తప్పయింది" అని కూడా అనలేదు. ఆ రెండో సంగతి నాలో ఎక్కడో ముల్లులా ఉండిపోయింది.

ఇప్పుడు గరాజ్‌లో నిలబడి అడిగారు. "మంచిగ చేస్త. అయినంక ఒక్కసారి ఎన్క కూసో. గంతే. మల్ల ఎప్పుడు అడగ."

నేను సమాధానం చెప్పకుండా పైకి వచ్చేశాను. నేను మాట్లాడడం మానేసింది అప్పుడే. మూడో రోజు ఉప్పెక్కడుందని అడిగితే నోరు జారి చెప్పేశాను.

ఆ బండిలో స్వింగ్ ఆర్మ్ అనే భాగాన్ని తుప్పు తినేసింది. వెనక చక్రాన్ని రెండు పక్కలా పట్టుకునే ఇనుప చేతులవి. అలాంటిది ఇంకెక్కడా దొరకలేదు. వేరే రకం బండిది, చక్రంతో సహా, ఒకాయన దగ్గర దొరికింది. అది దీనికంటే కాస్త పొడుగు, కాస్త వెడల్పు. దాన్ని దీనికి బిగించడానికి ఏప్రిల్ అంతా పట్టింది. బిగించాక అసలు తలనొప్పి మొదలైంది.

మధ్యాహ్నం బ్రేక్‌లో టీ తీసుకుని కిందికి దిగితే ఈయన నా యోగా మ్యాట్ మీద పడుకుని ఒక కన్ను మూసి చైన్ వంక చూస్తుండేవారు. అది నా గులాబీరంగు మ్యాట్. ఇప్పుడు దాని రంగు చెప్పడం కష్టం. ఇంజన్ దగ్గర చిన్న పళ్ల చక్రం, వెనక చక్రానికి పెద్ద పళ్ల చక్రం, రెంటినీ కలుపుతూ చైన్. ఆ రెండు పళ్ల చక్రాలూ ఒకే గీత మీద ఉండాలట. ఒకటి పక్కకు జరిగితే చైన్ ఏటవాలుగా లాగుతుంది, పళ్లు ఒకవైపే అరుగుతాయి, ఏదో ఒకరోజు ఊడుతుంది. ఆ చివరి ముక్క చెప్పేటప్పుడు ఆయన నా మొహం చూడలేదు. పొడుగాటి స్టీలు స్కేలు పెట్టి చూస్తే వెనకది ఎడమ పక్కకి నా చిటికెన వేలి మందాన బయటికి ఉంది.

మా కింది వాటాలో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవారు. జీవితమంతా లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయిన మనిషి. నేలమాళిగలో ఇప్పటికీ చిన్న లేత్ ఉంది. మాస్కు పెట్టుకుని, గరాజ్ గుమ్మం బయట రెండు మీటర్లు కొలిచినట్టు నిలబడి చూసేవారు. ఆయన తేల్చి చెప్పారు. ముందున్న చిన్న పళ్ల చక్రం వెనక ఒక ఉక్కు రింగు పెట్టాలి. అప్పుడది వెనకదానికి ఎదురుగా బయటికి వస్తుంది. రింగు తానే చేసిపెడతారు. కానీ తగిన ఉక్కు ముక్క తెప్పించాలి, దుకాణాలు సగం మూసి ఉన్నాయి, మూడు వారాలైనా పడుతుంది.

మూడు వారాలు అనగానే మా ఆయన మొహం వాడిపోయింది. ఇక్కడ బండికి ఇలాంటి మార్పు చేస్తే అధికారికంగా తనిఖీ చేయించి, కాగితాల్లో ఎక్కించాలి. దాని టెర్మిన్ కోసం, అంటే అపాయింట్‌మెంట్ కోసం, ఆరు వారాలు ఫోన్ పట్టుకు కూర్చున్నారు. "టెర్మిన్ దొరికిందా?" అని ఆ ఇంట్లో అడగని రోజు లేదు. చివరికి దొరికింది, వచ్చే గురువారానికే.

రెండు రోజుల తరవాత పైకి పరుగెత్తుకొచ్చి, "అయిపోయింది, చైన్ దారం పట్టినట్టున్నది, రా చూడు," అన్నారు. వెళ్లి చూశాను. స్కేలు పెడితే రెండు పళ్ల చక్రాలకీ అతుక్కుపోయింది, మధ్యలో వెంట్రుక కూడా దూరదు. రింగు లేకుండా ఎలా కుదిరిందని అడిగాను. "జర అడ్జస్ట్ చేసిన," అన్నారు. నేనూ అంతకంటే అడగలేదు. అడ్జస్ట్ అన్న మాట మన ఇళ్లల్లో ఎన్నిటికి సరిపోలేదు!

నిజం చెప్పాలంటే అప్పటికే నేను మెత్తబడ్డాను. మూడు నెలలుగా చూస్తున్నాను కదా. ప్రతి బోల్టూ బిగించి, దానిమీద తెల్లరంగుతో గీత పెట్టి, మర్నాడు మళ్లీ చూసేవారు. ఇంట్లో ఊడిన కుళాయి పిడిని ఏడాది పట్టించుకోని మనిషి! ఇదంతా ఎవరికోసం చేస్తున్నారో తెలియనంత మొద్దునేం కాదు. శనివారం నేనే అన్నాను.

"పూజ చేస్తేనే కూర్చుంటాను."

ఆయన చేతిలో స్పానర్ కింద పడింది.

ఆదివారం పొద్దున్న బండిని హోఫ్‌లోకి తెచ్చారు. మా ఇంటి వెనక సిమెంటు వేసిన ఖాళీ స్థలం అది. కర్పూరం ఉంది, కొబ్బరికాయ దొరకలేదు. నిమ్మకాయలు దొరికాయి గానీ ఇక్కడివి కోడిగుడ్డంత ఉంటాయి. పెద్దాయన మాస్కుతో సహా కుర్చీ తెచ్చుకుని గోడ పక్కన కూర్చున్నారు. మా పుట్టింట్లో అయితే చక్రానికి మూడు బొట్లు పెట్టి ఊరుకుంటారు. నాకు లోపల భయం పీకుతోంది. పసుపు కలుపుతుంటే నీళ్లు ఎక్కువయ్యాయి. చేత్తో ముంచి వెనక టైరు చుట్టూ మొత్తం పూసేశాను. ముందు టైరుకి కుంకుమ కూడా అలాగే. కిందా మీదా, ఒక్క అంగుళం వదల్లేదు. ఏ దేవుడు ఏ పక్కనుంచి చూస్తాడో ఎవరికి తెలుసు.

మా ఆయన హ్యాండిల్ తిన్నగా పట్టుకుని బండిని ముందుకు తోశారు. రెండు చక్రాల కిందా నిమ్మకాయలు పటుక్కుమన్నాయి. పెద్దాయన చప్పట్లు కొట్టారు. ఈయన ఎక్కి కూర్చున్నారు. నేను హెల్మెట్ పెట్టుకుని, దేవుళ్లందరినీ ఒకసారి పేరుపేరునా పిలిచి, ఎక్కాను. కుడి చేయి ఆయన భుజం మీద వేశాను. ఎడమ చేయి ఎక్కడ పెట్టాలో తెలియక నా ఒళ్లోనే ఉంచుకున్నాను.

ఆయన అద్దంలో నా మొహం చూసి నవ్వారు. ఆ తరవాత నవ్వు ఆగిపోయింది. వెనక్కి తిరిగి నేల వంక చూశారు. చాలాసేపు చూశారు.

"దిగు," అన్నారు.

"ఏమిటీ?"

"దిగు. ఇప్పుడు గాదు."

నాకు ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్లకి ధైర్యం కూడగట్టుకుని ఎక్కితే దిగమంటారా! దిగి, హెల్మెట్ తీసి, "తమాషాగా ఉందా మీకు?" అన్నాను. ఆయన నేలమీద మోకాళ్లూని వేలు పెట్టి చూపించారు. సిమెంటు మీద రెండు చారలున్నాయి, ముందు చక్రం గీసిన కుంకుమ చార, దాని మీదుగా వెనక చక్రం గీసిన పసుపు చార. నాకైతే ముగ్గులా ముచ్చటగా ఉంది.

"ఎర్రది పచ్చదాని నడుమ ఉండాలె," అన్నారు. "చూడు, పచ్చది మొత్తం కుడిపక్కకే ఉన్నది."

బండిని వెనక్కి తెచ్చి మళ్లీ తోశారు. మూడుసార్లు తోశారు. మూడుసార్లూ పసుపు ఒకే పక్కకి, చిటికెన వేలి మందాన. అప్పుడు చెప్పారు ఆ అడ్జస్ట్ ఏమిటో. చక్రం ఇరుసుకి ఎడమ పక్కనున్న వాషర్లు తీసి కుడి పక్కన వేసి, వెనక చక్రాన్నే మొత్తంగా కుడికి జరిపేశారు. చైన్ తిన్నగా వచ్చింది. చక్రం మాత్రం ముందు చక్రం దారిలో లేదు. బండి నడుపుతుంటే ఒక పక్కకి లాగుతుంది. జోరు మీద మలుపు వస్తే ఏమవుతుందో చెప్పలేం.

"నాకు తెల్సు జరిపిన అని. కండ్లకు కనవడలే కాబట్టి ఊకున్న."

హోఫ్‌లో ఒక్క చుట్టే కదా, అంత నెమ్మదిగా పోతే ఏముంటుంది, అనిపించింది నాకు. గురువారం టెర్మిన్ పోతుందని ఆయన మీద జాలి కూడా వేసింది. "ఏం కాదులెండి, ఒక్క రౌండే కదా," అన్నాను.

ఆయన తలెత్తారు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"గా మాట అనకు. గా మాట నేనన్న ఒకసారి. నీ చెయ్యి ఇరిగింది. తప్పు నాదే. అప్పుడే చెప్పేదుండె, నోరు రాలే."

పదకొండేళ్లు. కరోనా రావాలి, కొట్టంలో బండి దొరకాలి, పసుపులో నీళ్లు ఎక్కువ కావాలి, ఈ ఒక్క ముక్క ఆ నోట్లోంచి రావడానికి! పెద్దాయన చూస్తున్నారని కూడా లేదు, ఏడ్చేశాను. పసుపు చేతులతో కళ్లు తుడుచుకుంటే కళ్లు మండి ఇంకా ఏడ్చాను. మా ఆయన నా ఎడమ చేతిని పట్టుకుని మణికట్టు మీద బొటనవేలితో రాస్తూ కూర్చున్నారు. నాకు ఆయన మీద ఎంత ప్రేమ వచ్చిందో ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గేస్తోంది.

సోమవారం ఆయనే ఫోన్ చేసి టెర్మిన్ వద్దనుకున్నారు. మళ్లీ దొరికేసరికి అక్టోబరు వచ్చింది.

పెద్దాయనకి మా మాటలు అర్థం కాలేదు గానీ చారలు అర్థమయ్యాయి. టేపు తెచ్చుకుని వాటిని కొలిచారు. ఆ పసుపురంగు ఎక్కడ అమ్ముతారని నన్ను అడిగారు. కూరల్లో వేసేదే అన్నాను. నమ్మలేదు. ఉక్కు వచ్చింది, రింగు తయారైంది. ఖాళీ జామ్ సీసాలో, నూనె గుడ్డలో చుట్టి, మెట్ల మీద పెట్టి తలుపు తట్టి వెళ్లిపోయారు. ఆ రోజుల్లో ఇచ్చిపుచ్చుకోవడాలన్నీ అలాగే ఉండేవి. మా ఆయన వాషర్లను ఎక్కడివక్కడ వేసి, చక్రాన్ని నడిమికి తెచ్చి, చిన్న పళ్ల చక్రం వెనక రింగు పెట్టి బిగించారు. స్కేలు పెడితే మళ్లీ వెంట్రుక దూరలేదు.

రెండో పూజకి పెద్దాయనే రెండు నిమ్మకాయలు కొనుక్కొచ్చారు. ఈసారి పసుపు సరిగ్గానే కలిపాను, అయినా టైరంతా పూశాను. బండి తోశాక ముగ్గురం వంగాం. కుంకుమ చార పసుపు నడిమధ్యన ఉంది. పెద్దాయన రెండు పక్కలా కొలిచి "గెనావ్" అన్నారు, సరిగ్గా అంతే అని. ఆయన ఆ మాట అంటే ఇక తిరుగులేదు. ఆ రోజు హోఫ్‌లో నాలుగు చుట్లు తిరిగాం.

అక్టోబరులో తనిఖీ అయింది, కాగితం మీద ముద్ర పడింది. ఆ శనివారం చలిలో మా ఆయన, తోటల మధ్య రోడ్డు మీద నన్ను ఎక్కించుకుని ఇరవై కిలోమీటర్లు తిప్పారు. మొదటి మలుపు దగ్గర ఆయన నడుం చుట్టూ పట్టుకున్నది ఎడమ చేత్తోనని ఇంటికొచ్చాక గానీ గమనించలేదు.

ఫొటో పంపిస్తే మా అమ్మ వెంటనే వీడియో కాల్ చేసింది.

"మళ్లీ అతని వెనకాల బండెక్కావటే? బుద్ధుందా నీకు? ఏం చూసుకుని ఎక్కావు?"

"ఆయన దిగమన్నారమ్మా," అన్నాను. "అందుకే ఎక్కాను."

అమ్మ పక్కనున్న మా పిన్నితో, "దీనికి ఆ లాక్‌డౌన్‌లో ఏదో అయిందే," అంది.