కడ్డీ మీద గీత

మీరెవరో నాకు తెలియదు. తెలిస్తే ఈ మాట చెప్పలేను. ఏళ్ల తరబడి గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది; మింగలేను, కక్కలేను. ఇన్నేళ్లూ తిన్నాను, నవ్వాను, పండుగలకు ఫొటోలు దిగాను. అది మాత్రం కదల్లేదు. లింబన్న అనే ఒక మంచి మనిషికి తన చేతి మీద ఉన్న నమ్మకాన్ని నేను పోగొట్టాను. ఎలాగో చెబుతాను. మధ్యలో ఆగితే ఏమీ అనుకోకండి.

అప్పుడు దుబాయ్‌లో మెట్రో ఇంకా కొత్త. మేం దాన్ని ఎక్కింది లేదు. అజ్మాన్ దాటి కొండల వైపు పోతే ఒక అరబ్బు ముసలాయన ఖర్జూర తోట ఉండేది. మా వీసాలకు పూచీ పడ్డ యజమాని, అంటే కఫీల్, ఆయనే. అందరం బాబా అనేవాళ్లం. నేను అంతకుముందు కంపెనీ క్యాంపులో ఉండి ఇనుము వంచేవాణ్ణి. ఎండకు మాడి మసై, ఎవరెవరి కాళ్లో పట్టుకుని ఈ తోటకు వచ్చి పడ్డాను. లింబన్న అప్పటికే అక్కడున్నాడు. నాకంటే పెద్ద. ఆదిలాబాద్ దిక్కు, అడవి అంచు ఊరు. మొదటి రోజే నన్ను చూసి, "ఏం తమ్మీ, గిట్ల అప్పడమైనవ్? రా, ముందుగాల బువ్వ తిను" అన్నాడు. ఆ రోజు అన్నంలో పోసిన పచ్చిపులుసు రుచి ఇప్పటికీ నా నాలుక మీదే ఉంది.

బాబా దగ్గర వాళ్ల తాత నాటి తుపాకీ ఒకటుండేది. మూతి నుంచి మందు పోసి, సీసం గుండు వేసి, కడ్డీతో దట్టించే రకం. మా దిక్కు భర్మార్ అంటారు. కాగితాలన్నీ ఉన్నాయి కానీ గోడకు వేలాడడమే తప్ప అది పేలింది లేదు. ఒకసారి బాబా ముచ్చటపడి పేల్చాడు. గురిపెట్టిన డబ్బా చెక్కుచెదరలేదు. దూరంగా ఉన్న నీళ్ల ట్యాంకుకు చిల్లు పడింది. నవ్వి నవ్వి మా కడుపులు నొచ్చాయి. లింబన్న మాత్రం నవ్వలేదు. చేలల్లో అడవిపందుల కాపలాకు వాళ్ల నాయినకు లైసెన్సు భర్మార్ ఉండేదట. "తుపాకి మంచిదే తమ్మీ. దాని ఆకలే ఎవలికి ఎరుకలేదు. తక్కువ పెడితే అలుగుతది, ఎక్కువ పెడితే కక్కుతది" అన్నాడు.

ఆ చలికాలం శుక్రవారాలన్నీ దాని ఆకలి వెతకడానికే పోయాయి. లింబన్న ఒక ఇత్తడి గొట్టం ముక్క అడుగున మైనం నింపి, మందుకు కొలత చేశాడు. ప్రతివారం సూదితో కాస్త మైనం గీకేవాడు. ఆ మేరకు మందు పెరిగేది. ఒక్కో కొలతకు మూడు గుండ్లు. గుండు గుండుకీ తడిగుడ్డతో తుపాకీ గొట్టం తుడవాలి, మసి పేరుకుంటే గురి తప్పుతుంది. ఆ తుడుపు పని నాది. మొదట్లో గురికి నిలబెట్టిన అట్ట మీద చిల్లులు చల్లిన శనగల్లా ఎక్కడివక్కడ ఉండేవి. పోనుపోను దగ్గరికి వచ్చాయి. ఒక శుక్రవారం మూడూ అరచేయి కింద దాగేటంత దగ్గరగా పడ్డాయి. ఇంకాస్త గీకితే మళ్లీ చెదిరాయి. లింబన్న మైనం కరిగించి, గీకినంత మళ్లీ పోసి, "ఖలాస్! గిదే దీని ఆకలి" అన్నాడు. బాబా చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. అందరం గావా, అదే అరబ్బు కాఫీ, తాగాం. దేవుడా, ఆ పొద్దుటి ఎండ, ఆ మందు వాసన, ఆ ముసలాయన బోసినవ్వు! నా బతుకులో అంత సంతోషంగా ఇంకెప్పుడైనా ఉన్నానా? గుర్తులేదు.

ఆ రోజే లింబన్న దట్టించే కడ్డీ మీద కత్తితో గీత పెట్టాడు. మందూ గుండూ సరిగ్గా కూర్చుంటే ఆ గీత తుపాకీ మూతి దగ్గరే ఆగుతుంది. "గీత పైకి కనవడ్డదంటే లోపల ఇంకేదో ఉన్నట్టు. పేల్చద్దు. యాదుంచుకో" అన్నాడు. ఉంచుకున్నాను. అదే నా ఖర్మ.

తర్వాత ఒక శుక్రవారం బాబా తన చుట్టాలను పిలిచాడు, తాత తుపాకీ చూపించాలని. లింబన్న తుపాకీ నింపి చెట్టుకు ఆనించి, అట్ట నిలబెట్టడానికి అటు పోయాడు. నేను గావా ఫ్లాస్కు తీసుకుని అప్పుడే వచ్చాను. తుపాకీ ఖాళీ అనుకున్నాను. అనుకోవడమేమిటి, ఒక్క కేక వేసి అడగొచ్చుగా? అడగలేదు. అంతమంది చూస్తుంటే, ఎప్పుడూ తుడిచేవాణ్ణేనా, నేనూ మొనగాణ్ణే అనిపించుకోవాలని బుద్ధి పుట్టింది. పక్కనే ఉన్న ఇత్తడి కొలతతో మందు పోశాను. గుండు వేశాను. దట్టించాను. గీత బెత్తెడు పైనే ఆగింది.

చూశాను. చూడలేదని నాకు నేనే ఎన్నోసార్లు చెప్పుకున్నాను, చెప్పుకుని చెప్పుకుని కొన్నాళ్లు నమ్మాను కూడా. కానీ చూశాను. తప్పు జరిగిందంటే నవ్వుతారని నోరు మూసుకున్నాను. ఇనుము మందంగానే ఉంది, ఏమవుతుందిలే అనుకున్నాను. బాబా యల్లా యల్లా అంటూ తుపాకీ అందుకున్నాడు.

గొట్టం చీలింది. బాబా ఎడమచేతి వేళ్లు రెండు నుజ్జయ్యాయి. ప్రాణం దక్కింది కానీ ఆ వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు.

నింపిందెవరని బాబా పెద్దకొడుకు అరిచాడు. తోటకు ముదీర్, అంటే మేనేజరు, ఆయనే. "నేనే" అన్నాడు లింబన్న. ఆయన అబద్ధం చెప్పలేదు చూడండి. ఆయన నింపాడు. ఆ మీద నేనూ నింపానని ఆయనకు తెలియదు. నాకొక్కడికే తెలుసు. క్యాంపు, ఇనుము, ఎండ, మళ్లీ అన్నీ కళ్లముందు తిరిగాయి.

వారం తిరక్కుండా లింబన్న వీసా క్యాన్సిల్ చేశారు. బ్యాగు సర్దుకుంటూ నన్నడిగాడు.

"తమ్మీ, మనసుల ఒక్కటే కొడుతున్నది. నువ్వు ఆడనే తిరుగుతుంటివి గద. నేను రెండుసార్లు పోసిన్నా?"

"ఏమో అన్నా..."

"నిజం చెప్పు. నాకైతే ఒక్కపారి పోసినట్టే యాదికున్నది."

"రెండుసార్లు పోసినవన్నా. నేను చూసిన."

ఎందుకన్నాను ఆ మాట? 'ఏమో' దగ్గరే ఆగిపోవచ్చుగా? తన చేతిని తాను నమ్మితే, ఆ రెండో చెయ్యి ఎవరిదని వెతుకుతాడు. నా భయం అది. లింబన్న తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. "గట్లనా" అన్నాడు. ఇత్తడి కొలత నా చేతిలో పెట్టి, "నువ్వే ఉంచుకో. ఇగ నా చేతికి మతి లేదు" అన్నాడు.

అది ఇంకా నా దగ్గరే ఉంది, అడుగున మైనంతో సహా.

బాబా పోయాడు. నేనూ తోట విడిచి వచ్చేశాను. లింబన్న ఊళ్లో ఉన్నాడు. ఆ మధ్య వీడియో కాల్‌లో ఆయన భార్య లచ్చక్క చెప్పింది, ఆయన చాయ్‌లో చక్కెర వేసి, "వేసిన్నా, వెయ్యలేదా?" అని ఆమెను అడుగుతాడట. పొలంలో పురుగుమందు ఆమె చేతే కలిపిస్తాడట. దుబాయ్ నుంచి వచ్చిన కాడినుంచి గిదే కథ అని ఆమె నవ్వింది. నేనూ నవ్వాను. థూ, నా బతుకు!

చెప్పాలనే ఫోన్ చేస్తాను ప్రతిసారీ. "అన్నా" అంటాను. "ఏం తమ్మీ, మంచిగున్నవా?" అంటాడు. ఆ గొంతులో అనుమానం ఇసుమంత కూడా ఉండదు. వానలు పడ్డాయా అని అడిగి పెట్టేస్తాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. లింబన్న చేతిలో ఉంది, ఆ సంగతి ఆయనకింకా తెలియదు. నిజం ఒక్కచోటైనా నిజంగా ఉండాలని రాస్తున్నాను. రాస్తుంటే ఆ ముల్లు కాస్త కదిలింది.

లింబన్న ఒక్కసారే పోశాడు. రెండోసారి పోసింది నేను.