రెండు పందిళ్ళ మధ్య మా మేష్టారు

మా మేష్టారు పోయారు. పోయిన సోమవారం పొద్దున బయటికి బయలుదేరుతూ, చొక్కా తొడుక్కుంటూనే కూలబడిపోయారట. ఆ చొక్కా ఎవరింటికి వెళ్ళడానికో నాకు తెలుసు. అందుకే ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది.

ఆయన మాకు హైస్కూల్లో చరిత్ర చెప్పారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సంస్థానాలన్నిటినీ దేశంలో కలిపిన హోంమంత్రి అంటే ఆయనకు ప్రాణం. అందరూ ఆ మంత్రి కరకుతనాన్ని పొగుడుతుంటే మాత్రం చిర్రెత్తేది. "కరుకుతో ఏమవుతాదప్పా? రాజుల బిరుదులు రాజులకే ఇడిసిపెట్టినాడు, భరణాలిచ్చినాడు, మర్యాద తగ్గనీలేదు. అట్లా సంతకాలు తెచ్చినాడు. అది ఓపిక!" అనేవారు. హైదరాబాదు మాటేమిటని అడిగితే, "ఆడికి పటాలం పోయింది. దాన్ని శాంతి అని నేను చెప్పనప్పా" అని ఒప్పుకునేవారు.

ఆ ఓపికను మా పేట వీధిలో ఖర్చుపెట్టారు పాపం. ఒకే వీధి, రెండు శ్రీరామనవమి పందిళ్ళు. మొదటి హారతి ఎవరికన్న తగువుతో భజన మండలి ఎప్పుడో రెండుగా చీలింది. ఎగువ మండలికి పట్టు వ్యాపారి అధ్యక్షుడు, దిగువ మండలికి బియ్యం మండీ ఆసామి. వాళ్ళను కలపాలని మేష్టారు ప్రతి ఆదివారం ఇద్దరిళ్ళకూ వెళ్ళేవారు. కడుపులో మంట ఉన్నా ఇద్దరింటా కాఫీ తాగేవారు. ఒకరింట తాగి మరొకరింట వద్దంటే పని చెడుతుందని ఆయన భయం.

చివరికి ఒప్పించారు కూడా. ఇద్దరూ అధ్యక్షులే, ఇద్దరికీ ఒకేసారి హారతి, పందిరి మాత్రం ఒకటే. తీరా ఆహ్వానపత్రికలో ఎవరి పేరు ముందుండాలన్న దగ్గర మండీ ఆసామి బిగుసుకున్నాడు. అతన్ని బతిమాలడానికే మేష్టారు ఆ సోమవారం చొక్కా తొడుక్కున్నది. రాజ్యాలు వదులుకున్న రాజులున్న దేశంలో, అచ్చులో ఒక పేరు కిందికి దిగలేదు!

సంతాపసభైనా ఒకటిగా పెట్టండని ఇద్దరి కాళ్ళావేళ్ళా పడ్డాను. "అధ్యక్షత ఎవురిది?" అన్నాడు పట్టు వ్యాపారి. మండీ ఆసామీ అదే అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

నిన్న సాయంత్రం వీధికి రెండు కొసలా రెండు సభలు జరిగాయి. నేను దేనికీ పోలేదు, మేష్టారింటికి వెళ్ళాను. రెండు మైకులూ ఒకేసారి ఐకమత్యం గురించి అరుస్తున్నాయి. ఒకదాని గోలలో ఒకటి కలిసిపోయి ఒక్క ముక్కా అర్థం కావడం లేదు. మేష్టారి భార్య గడప దగ్గర కూర్చుని చాలాసేపు విన్నారు.

"అదంతా మీ మేష్ట్రు గురించేనా అప్పా?" అన్నారు.

అవునన్నాను. ఆమె లేచి తలుపు వేసేశారు.