చెలమ లేచిన పొద్దు

మేం లారీ దిగింది మధ్యాహ్నం రెండున్నరకు. ఎండ నలభై నాలుగు డిగ్రీలు. కాలు కింద పెట్టగానే నాకేమీ కొత్త అనిపించలేదు. ఎర్ర నేల, తుమ్మచెట్లు, ఎండిన ఏరు. కొత్తచెరువు దాటి మా ఊరి దారి పట్టినట్టే ఉంది.

"ఇంత దూరం విమానమెక్కి వచ్చి మళ్ళీ అనంతపురంలోనే పడితిమే అన్నా!" అన్నాడు మా రేడియో ఆపరేటర్. వాడిది చిలమత్తూరు.

ఆఫ్రికాలో ఒక దేశమది. వాళ్ళలో వాళ్ళే కొట్టుకుంటున్నారు. మేం ఎవరి పక్షమూ కాదు. శాంతి దళం, నీలం టోపీలు. నేను మన సైన్యం ఇంజనీర్ల కంపెనీలో హవల్దారుని. కదిరి బస్టాండులో ఎవరు కలిసినా ఒకటే అడుగుతారు, "ఎంతమందిని కాల్చినావప్పా?" అని. ఒక్కడిని కూడా కాల్చలేదు. రైలు పట్టాలు వేశాను. ఆ మాట చెబితే మొహం చిన్నబుచ్చుకుని టీ తాగి వెళ్ళిపోతారు. మీరైనా కూర్చుని వినండి.

అక్కడ రోడ్లు లేవు. ఉన్నది ఒకే రైలు మార్గం. తిండి, మందులు, డీజిలు, తూటాలు అన్నీ దాని మీదే పోవాలి. పట్టాలు ఎవరి చేతిలో ఉంటే ఊళ్ళు వాళ్ళవి. అందుకే తిరుగుబాటుదారులు ఏటి మీద వంతెన పేల్చేశారు. అవతల లైను చివర ఒక పట్నం ఉంది. ఐదు నెలలుగా దానికి రైలు లేదు. మా ఇంజన్ డ్రైవరు కూతురు అక్కడే ఉంది. ఆ దేశం మనిషే, ముసలాయన. ఆమె బతికి ఉందో లేదో కూడా ఆయనకు తెలియదు.

మాకు వచ్చిన ఆర్డరు ఇది: ఏట్లోనే, ఇసుక మీద, మూడు వందల మీటర్లు చెక్క స్లీపర్లు పరిచి పట్టాలు వేయాలి. పదకొండు రైలు పెట్టెల జొన్నలు అవతలికి దాటించాలి. పద్నాలుగు రోజులు పట్టింది. పని ముగిసిన సాయంత్రం పట్నం నుంచి రేడియోలో కబురు వచ్చింది, తిండి ఇంకా నాలుగు రోజులకే ఉందని.

అవతలి ఒడ్డు తిరుగుబాటుదారుల చేతిలో ఉంది. వాళ్ళతో ఒప్పందం కుదిరింది. మరునాడు పొద్దున తొమ్మిదికి వాళ్ళ మనుషులు వస్తారు. బస్తాల్లో ఇనుప చువ్వలు గుచ్చి చూస్తారు. లోపల తూటాలు లేవని తేలాక రైలు కదలాలి. తొమ్మిదికి ముందు చక్రం తిరిగితే కాలుస్తారు.

ఆ సాయంత్రం పట్టాల పక్కన ఇసుకలో చెలమ తవ్వాను. చెలమంటే తెలుసుగా, ఎండిన ఏట్లో నీళ్ళ కోసం తీసే గుంత. మూడడుగుల్లో నీళ్ళు పడ్డాయి. మా నాయన ఇచ్చిన సత్తు చెంబుతో తోడి టీ కాచాను. బాటిల్ నీళ్ళకు నా నాలుక అలవాటు పడలేదు మరి.

పొద్దున ఐదూ నలభైకి మళ్ళీ వెళ్ళాను. రాత్రి అడుగున అరచేయి లోతే ఉన్న నీళ్ళు అంచుకు జానెడు దూరంలో ఉన్నాయి. ఎవరూ కదపకుండానే బురదగా ఉన్నాయి. చెంబు గుంత పక్కన పెట్టి ఎగువకు చూశాను.

"ఏమన్నా, అట్ల నిలబడిపోతివి?" అన్నాడు రేడియో ఆపరేటర్.

"ఏరొస్తాండాదప్పా."

వాడు పైకి చూశాడు. మబ్బు తునక లేదు. "నీకేమన్నా ఎండ దెబ్బ తగిలిందా?"

నా చిన్నప్పుడు చిత్రావతిలో ఇలాగే ఒకసారి చెలమ లేచింది. నాయన పరుగున పోయి ఇసుక బండ్లన్నీ ఒడ్డుకు తోలించాడు. ఎగువన ఎక్కడో కురిసిన వాన ఆ పూటే ఏరై వచ్చింది. కెప్టెన్‌కు అదే చెప్పాను.

"మీ జిల్లాలో వానలే పడవని రోజూ ఏడుస్తావు కదా! ఏటి సంగతి నీకేం తెలుసు?" అన్నాడాయన.

"పడవు సార్. అందుకే గుంతలో నీళ్ళు జానెడు పెరిగినా మాకు కనబడుతుంది."

ఆయన తిరుగుబాటుదారులకు రేడియో చేయించాడు, రైలును ఇప్పుడే దాటనివ్వమని. అవతలి ఒడ్డు నుంచి జవాబు వచ్చింది. "తొమ్మిదంటే తొమ్మిది."

"వాళ్ళను ఇక్కడికి పిలుచుకొస్తాను సార్" అన్నాను. నోరు జారిన తర్వాత భయం పట్టుకుంది.

ఆరూ ఇరవైకి తెల్ల టవల్ ఎత్తి పట్టుకుని ఏట్లోకి దిగాను. తుపాకీ లేదు. వెంట రేడియో ఆపరేటర్ వచ్చాడు. రావద్దన్నా వినలేదు. చావు కన్నా ఇంకో భయం ఎక్కువగా ఉంది. ఏరు రాకపోతే? ఒప్పందం చెడి, రైలు ఆగి, పట్నం పస్తుంటే ఆ పాపం ఎవరిది?

వాళ్ళ నాయకుడు నలభై ఏళ్ళ మనిషి, కాళ్ళకు టైరు చెప్పులు. ఆయనకు నా భాష రాదు. రమ్మని సైగ చేశాను. తుపాకీ నా వీపు వైపే పెట్టి వచ్చాడు. చెలమ ముందు గొంతుక్కూర్చున్నాడు. చెంబుతో నీళ్ళు తోడి, చేతిలో పోసుకుని, వేళ్ళ మధ్య ఒండ్రు నలిపి చూశాడు. నేను నోరు విప్పాల్సిన పనే లేకపోయింది. ఆయన లేచి, ఎగువకు ఒక్కసారి చూసి, చెంబు అక్కడే పారేసి అవతలి ఒడ్డుకు గట్టిగా కేక వేశాడు. వాళ్ళూ ఎండిన ఏట్లో గుంతలు తవ్వుకుని తాగేవాళ్ళే.

"ఏమన్నాడన్నా?" అన్నాడు రేడియో ఆపరేటర్ నా చేయి పట్టుకుని.

"తెలీదప్పా. రైలు వైపు చెయ్యూపుతాండాడు, చూడు!"

ఏడు గంటలకు ఇంజన్ కదిలింది. నడక కన్నా నెమ్మదిగా. వాళ్ళ మనుషులు చువ్వలు పట్టుకుని కదిలే పెట్టెల మీదికే ఎక్కి బస్తాలు గుచ్చారు. చిల్లుల్లోంచి జొన్నలు రాలుతున్నాయి. చక్రం ఎక్కిన ప్రతి స్లీపరు కింద నీళ్ళు ఊరి పైకి వస్తున్నాయి, చక్రం దాటగానే ఇంకిపోతున్నాయి. డ్రైవరు కిందికి చూడలేదు. త్వరపడనూ లేదు. త్వరపడితే పట్టా జారుతుంది. నేను పక్కనే నడుస్తూ, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. మా బెటాలియన్ చర్చిలో విన్న ప్రార్థన కూడా సగం చదివాను.

ఏడూ ఇరవై ఐదుకు చివరి పెట్టె ఒడ్డెక్కింది. ఏడూ యాభైకి ఏరు వచ్చింది. ముందు ఎండుటాకులు, నురుగు. తర్వాత మనిషెత్తు ఎర్ర నీళ్ళు. మా పద్నాలుగు రోజుల పని కళ్ళ ముందే కొట్టుకుపోయింది. ఎవరికీ బాధ లేదు. కెప్టెన్ టోపీ తీసి పిచ్చివాడిలా నవ్వాడు. డ్రైవరు ఇంజన్ దిగి వచ్చి నా మణికట్టు పట్టుకున్నాడు, చాలాసేపు వదల్లేదు. నాకు ఏడుపొచ్చింది. సిగ్గుపడకుండా ఏడ్చాను.

పట్నంలో ప్లాట్‌ఫారం మీద ఆయన కూతురు నిలబడి ఉంది. చిక్కిపోయి ఉంది. బతికి ఉంది.

తొమ్మిది నెలల తర్వాత ధర్మవరంలో రైలు దిగి ఇంటికి చేరాను. నాయన యుద్ధం గురించి అడగలేదు.

"చెంబు యాడరా?"

"ఏరెత్తుకపోయినాది నాయనా."

"ఏరొచ్చినాదా!" అని మంచం మీద లేచి కూర్చున్నాడు. ఆ రోజంతా ఆ ఒక్క కథే మూడుసార్లు చెప్పించుకున్నాడు.

నాలుగోసారి మీకు చెబుతున్నాను. ఆ చెంబు పోవడం నేను చూశాను. "అన్నా, నీ చెంబు పోతాంది చూడు!" అని చిలమత్తూరు వాడు అరిస్తే అందరం తిరిగాం. అరగంట ముందు పదకొండు పెట్టెల జొన్నలు నడిచిన చోట, మనిషెత్తు నీళ్ళ మీద, మా నాయన చెంబు మునగకుండా పోతోంది. తిరుగుబాటు నాయకుడు కూడా దాన్నే చూస్తున్నాడు. ఆయన తుపాకీ భుజానికి వేసి ఉంది.