ఫైటు మాస్టరు పథ్యం

నిన్న టోలిచౌకిలో ఒక జిమ్ మెట్ల పక్కనుంచి నడుస్తుంటే కర్పూరం వేసి కాచిన నొప్పుల నూనె వాసన ముక్కుకు తగిలి, ఫిలింనగర్ గుట్ట మీద మా ఇల్లు, ఎండకు కాలిపోయే బండరాళ్లు, అదే నూనె రాసుకుని ఫైటర్లు దూకడానికి పెరట్లో పోసిన ఇసక, ఆ ఇసక పక్కన బెత్తం పట్టుకుని నిలబడే మా తాత, అన్నీ కళ్లముందుకొచ్చాయి.

తాత సినిమాల్లో ఫైటు మాస్టరు. మద్రాసు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. తెరమీద దెబ్బలు ఉత్తుత్తివే కానీ మా ఇంట్లో దెబ్బలు నిజమైనవి. అన్నం చల్లారినా, చొక్కా గుండీ ఊడినా, మేం అచ్చంగాయలాడుతూ గట్టిగా నవ్వినా ఆ బెత్తం లేచేది. దసరాకి మాత్రం అదే చేత్తో ఫైటర్లందరికీ వేటమాంసం వడ్డించి, ఎముకలోంచి మూలుగ తీసి నా నోట్లో పెట్టేవాడు.

నేను ఆరో తరగతిలో ఉండగా ఆయన గుండె బలహీనపడింది. కాళ్లు బూరెల్లా పొంగాయి, పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చునేవాడు. ఉప్పు బాగా తగ్గించాలని, నీళ్లు కొలిచి తాగాలని, ఒంట్లో నీరు తీసే మాత్ర మానకూడదని, రోజూ పొద్దున్నే బరువు చూసుకుని, పెరిగితే వెంటనే రావాలని డాక్టరు చెప్పాడు. చప్పటి పప్పన్నం కంచంతో సహా గోడకు తగిలింది. బరువు చూసే మిషను బండకు తగిలి బద్దలైంది. ఆవకాయ జాడీ దాచినందుకు తాత చెంపమీద కొట్టిన దెబ్బకు నానమ్మ గడపమీద పడి నుదురు చిట్లింది. కొంగుతో రక్తం తుడుచుకుంటూనే ఆమె మాత్ర తెచ్చి ముందు పెడితే, అదీ విసిరేశాడు.

ఆ వారమే, దెబ్బ ఎలా వెయ్యాలో ఫైటర్లకు చూపిస్తానని ఇసకలోకి దిగి, రహమత్ నగర్ నుంచి వచ్చే తన శిష్యుడు యాదగిరి దవడమీద నిజంగానే గుద్దాడు. యాదగిరి పన్ను ఊడింది. తాత అక్కడే మోకాళ్లమీద కూలి, ఊపిరందక, ఎర్రటి నురగ కక్కాడు. దెబ్బ తిన్నవాడే ఆయన్ని భుజాన వేసుకుని ఆటో దాకా పరుగెత్తాడు.

ఆసుపత్రి నుంచి వచ్చాక, చప్పటి కూర చూసి తాత మళ్లీ కంచం ఎత్తాడు. ఈసారి నానమ్మ బెత్తం అందుకుని ఆయన మణికట్టు మీద ఒక్కటి వేసింది. కంచం వంటింట్లో కిందపడి గిర్రున తిరిగి ఆగింది.

"నన్ను కొడితే ఊరుకున్నానండీ. మిమ్మల్ని మీరే చంపుకుంటుంటే ఊరుకోను," అంది, గొంతు పెంచకుండా.

వాచిన దవడతో గుమ్మంలో నిలబడ్డ యాదగిరి మెల్లగా అన్నాడు: "నడుముకు కట్టిన తాడు సూడకుంట మమ్మల్ని ఎన్నడన్న దుంకనిచ్చినవా మాస్టరూ? నీ పానం గూడ జర గట్లనే సూస్కో."

తాత మణికట్టు రుద్దుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఆ మాత్ర ఏదే? ఇలా తే," అన్నాడు.

అప్పట్నుంచి నిమ్మకాయ పిండిన చప్పటి పప్పు తిట్టుకుంటూనే తిన్నాడు. పొద్దున్నే కొత్త మిషను తనే ఎక్కి, బరువెంతో వీధికి వినపడేలా అరిచేవాడు, మడమల దగ్గర వేలితో నొక్కి, నీరు చేరి గుంట పడుతుందేమో చూసుకునేవాడు. కోపం పోలేదు. చెయ్యి ఒకటి రెండుసార్లు లేచింది, నానమ్మ కళ్లు చూసి దిగింది. తనను క్షమించమని నానమ్మను మాత్రం ఎన్నడూ అడగలేదు. నేను పదో తరగతి పాసయ్యానని విన్నాకే పోయాడు.

ఇప్పుడు ఆ గుట్ట బండల్ని మందుపెట్టి పేల్చి అపార్టుమెంట్లు కట్టారు. ఇసకలో దూకి మోచేతులు చెక్కుకుపోయిన ఆ మనుషులు లేరు. నానమ్మ గొంతు పెంచకుండా మాట్లాడిన వంటిల్లు ఉన్నచోట కార్లు నిలుపుతున్నారు.